చెన్నపురి క్యాన్సరు వైద్యము - అండాశయ పరిరక్షణము: ఒక చారిత్రక పరిశీలనము

క్యాన్సరును పూర్వము తెలుగువారు రాచపుండనియు, పుట్టకురుపనియు పిలిచెడివారు. ఆ పేరు పలుకుటకే జంకెడి దినములవి. రోగి బ్రదుకునా, బ్రదుకడా అనునది తప్ప వేరు ప్రశ్న నాడు లేదు. బ్రదికిన పిమ్మట ఆ బిడ్డ జీవితమెట్లుండును, పెండ్లి యగునా, సంతానము కలుగునా అను ప్రశ్న పుట్టవలెనన్న ముందు బ్రదుకుట యనునది సాధారణ విషయము కావలసియుండెను. చెన్నపట్టణమున అది ఎట్లు సాధారణమైనదో, దాని వెంట ఈ రెండవ ప్రశ్న ఎట్లు తలయెత్తినదో ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నది. ఆ ప్రశ్నకు వైద్యులు కనుగొన్న సమాధానములలో మిక్కిలి విచిత్రమైనది ఒకటి కలదు. క్యాన్సరు సోకిన బాలికయొక్క, లేక యువతియొక్క అండాశయమునుండి కొంత భాగమును చికిత్సకు ముందే తీసి, గడ్డకట్టించి, ఏండ్ల తరబడి దాచి, ఆరోగ్యము కుదిరిన తరువాత మరల ఆమె దేహముననే నాటుట.

ఈ కథకు మొదలు మన తెలుగువాడే. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, చెన్నపురి వైద్యకళాశాలలో చదివిరి. స్వదేశోద్యమ ప్రభావమున ఖద్దరు ధరించి శస్త్రశాలకు వచ్చిన కారణమున ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. కొంతకాలము ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, 1923లో బోస్టను నగరము చేరిరి. 1940లో లెడర్లీ సంస్థలో ప్రవేశించి, ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు కార్యమును నడపిరి. ఆ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను గూడ ఆ ప్రయోగశాలయే తయారుచేసెను. అందులో అమినోప్టెరిన్ అను దానిని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి చూచెను. 1948 జూనులో ప్రకటించిన నివేదికలో 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనిపించినదని వ్రాసెను. ఆ గుణము తాత్కాలికమే. అయినను మందుతో ఆ రోగము వెనుకంజ వేయగలదని ప్రపంచమునకు తెలిసినది ఆనాడే. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు 53 ఏండ్ల వయసున మరణించిరి.

ఆ కుటుంబమునకే చెందిన మరియొక మందు మెథొట్రెక్సేటు. దీనిని గూర్చి ఒక సంగతి మన సభలలో తరచు చెప్పుకొనుటలేదు గాని చెప్పుకొనదగినది. గర్భమున పిండమును పోషించు మావినుండి పుట్టు కోరియోకార్సినోమా అను క్యాన్సరు స్త్రీలకు ప్రాణాంతకముగా నుండెడిది. 1956లో అమెరికా ప్రభుత్వ పరిశోధనాలయమున మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్జ్ అనువారు మెథొట్రెక్సేటుతో దానిని నయము చేసిరి. గడ్డగా పెరుగు క్యాన్సరు మందుతోడనే నయమగుట అదే మొదలు. నయమైన స్త్రీలలో పలువురు తరువాత గర్భము ధరించి బిడ్డలను కనిరి. గర్భసంచి తీసివేయనక్కరలేకపోయెను. అనగా క్యాన్సరునుండి ప్రాణమును, సంతానశక్తిని రెండింటిని కాపాడిన తొలి మందులలో ఒకటి తెలుగువాని ప్రయోగశాలనుండి వచ్చినదే.

సంతానశక్తిని చెరచు మందులు వేరు వంశమువి. యుద్ధములో వాడిన మస్టర్డు విషవాయువు సైనికుల రక్తకణములను నశింపజేయుచున్నదని గమనించి, దాని బంధువైన నత్రజని మస్టర్డును 1942లో యేల్ విశ్వవిద్యాలయమున రోగికిచ్చి చూచిరి. యుద్ధరహస్యమగుటచేత 1946 వరకు ఆ సంగతి బయట పెట్టలేదు. ఆ వంశమున పుట్టినదే 1950ల చివర జర్మనీనుండి వచ్చిన సైక్లోఫాస్ఫమైడు. నేటికిని అనేక క్యాన్సర్లకు అది ముఖ్యమైన ఔషధము. ఈ జాతి మందులు కణములయందలి జన్యుపదార్థమునే కొట్టును. క్యాన్సరు కణమునకును అండమునకును వాటికి భేదము తెలియదు. పొత్తికడుపుపై పడు కిరణచికిత్సయు అట్టిదే. కావున అన్ని క్యాన్సరు మందులును వంధ్యత్వమును కలిగించునని భయపడుట సరికాదు, ఏదియు కలిగింపదని నిశ్చింతగా నుండుటయు సరికాదు. ఏ మందు, ఎంత మోతాదు, ఏ వయసు అనువానినిబట్టి ప్రమాదము మారును.

ఇక అడయారు. పుదుకోటలో 1886లో జన్మించిన ముత్తులక్ష్మి రెడ్డిగారు 1912లో చెన్నపురి వైద్యకళాశాలనుండి పట్టము పొందిరి. ఆ కళాశాల 1875లోనే మేరీ షార్లీబు మొదలగు నలుగురు స్త్రీలను చేర్చుకొనినది. ఎగుమూరులోని ప్రసూతి వైద్యశాల 1844 నాటిది. స్త్రీవైద్యమునకు ఈ నగరమునగల పాదు అంత లోతైనది. ముత్తులక్ష్మిగారి సోదరి 1923లో క్యాన్సరుచే మరణించినది. ఆ దుఃఖము ఆమె మనసునుండి తొలగలేదు. శాసనసభ్యురాలిగా దేవదాసీ ఆచారమును రూపుమాపుటకు పాటుపడిన కాలమునను, అవ్వై గృహమును స్థాపించిన కాలమునను ఆమె క్యాన్సరు ఆసుపత్రి మాటను విడువలేదు. ఆ రోగమునకు ప్రత్యేకముగా ఆసుపత్రి ఎందుకు, రోగులెట్లును చనిపోవువారే గదా అను భావము ప్రబలముగానున్న రోజులవి. అట్టి రోజులలో భారత మహిళా సంఘము పక్షమున చందాలు పోగుచేసిరి. 1952లో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1954 జూను 18న పండ్రెండు పడకలతో అడయారు క్యాన్సరు ఇన్‌స్టిట్యూటు తెరవబడెను. ఈనాటికిని ఆ సంస్థ పేరు చివర మహిళా సంఘపు ఆంగ్లాక్షరములు మూడును నిలిచియున్నవి. ఆ అక్షరముల అర్థమెరిగినవారు కొద్దిమంది. దక్షిణదేశపు క్యాన్సరు వైద్యమునకు పునాది వేసినది స్త్రీల చందాలని ఆ మూడక్షరములు చెప్పుచున్నవి.

ముత్తులక్ష్మిగారి కుమారుడు డాక్టరు కృష్ణమూర్తిగారు ఆ సంస్థకు వెన్నెముక. 1955లో ఆయనతో చేరినవారు డాక్టరు వి. శాంతగారు. సర్ సి. వి. రామన్ కుటుంబమునకు చెందిన ఈమె 1927లో మైలాపూరున పుట్టిరి. ఆమె పొందిన ఉన్నత పట్టము క్యాన్సరుకు సంబంధించినది కాదు, స్త్రీ ప్రసూతి వైద్యమునకు సంబంధించినది. ఎగుమూరు ఆసుపత్రిలో ప్రభుత్వోద్యోగము చేతికందినను, దానిని కాదని పండ్రెండు పడకల ఆసుపత్రికి వచ్చిరి. ప్రసూతులు చేయవలసిన చేతులు క్యాన్సరు రోగుల సేవకు మరలుట నాటి తోటివారికి వింతగా తోచెను. ఆ ఆవరణమునందే నివసించుచు, 2021 జనవరి 19న మరణించువరకు ఆమె ఆ సంస్థను విడువలేదు. 2005లో మెగసెసే బహుమానమును, 2016లో పద్మవిభూషణ బిరుదమును పొందిరి.

1957లో కోబాల్టు కిరణయంత్రము వచ్చినది. మన విషయమునకు అంతకంటె ముఖ్యమైనది 1960లో పిల్లల క్యాన్సరుకు ప్రత్యేకముగా ఒక వార్డు తెరచుట. దేశమున అట్టివానిలో అది మొదటిది. ఆ వార్డు తెరచిననాడు అందు చేరిన పిల్లలలో బ్రదికి ఇల్లు చేరువారు అరుదు. 1980లలో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ తోడ్పాటుతో బొంబాయి టాటా ఆసుపత్రి, ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ, అడయారు సంస్థ మూడును కలిసి పిల్లల రక్తక్యాన్సరుకు ఒకే చికిత్సాక్రమమును అనుసరించినవి. వేయిమందికి పైగా రోగులకు ఆ క్రమమున చికిత్స జరిగినది. అంతకుముందు ఐదుగురిలో ఒకరు బ్రదుకుట కష్టమైన రోగమున దాదాపు సగముమంది రోగము తిరుగబెట్టక నిలువగలిగిరి. నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాలనుండి పిల్లలను వెంటబెట్టుకొని సెంట్రల్ స్టేషనులో దిగి అడయారు దారి అడుగు తెలుగు తల్లిదండ్రులు ఈ లెక్కలో నున్నవారే.

ఆ విధముగా బ్రదికిన బాలికలు పెరిగి పెద్దవారైరి. అప్పుడు రెండవ ప్రశ్న వచ్చెను. మన సంఘమున అది ఏ రూపమున వచ్చునో చెప్పనక్కరలేదు. పెండ్లిచూపులలో వచ్చును. చిన్ననాడు వచ్చిన జబ్బును దాచు తల్లిదండ్రులు కలరు. చెప్పి సంబంధము పోగొట్టుకొన్నవారు కలరు. పిల్లలు కలుగరేమో అను అనుమానమొక్కటి చాలును, రోగమును జయించిన పిల్ల మరల ఓడినదగును. ఈ తీర్పు న్యాయమైనది కాదు. సంతానము లేని స్త్రీ జీవితము వ్యర్థమని శాస్త్రమును చెప్పలేదు, వివేకమును చెప్పదు. కాని ఆ కోరిక ఆ పిల్లకే యున్నప్పుడు, దానిని నిలుపు మార్గమొకటి ఉండియు ఎవరును చెప్పకపోవుట వేరు విషయము.

అండాశయముల స్వభావము తెలియనిదే ఈ మార్గము బోధపడదు. పురుషదేహము బీజకణములను దినదినము పుట్టించుచుండును. స్త్రీ విషయమున ప్రకృతి పిసినారి. ఆడుబిడ్డ పుట్టునప్పటికే ఆమె అండాశయములందు పది లక్షలనుండి ఇరువది లక్షలవరకు అండపుటికలు సిద్ధముగా నుండును. పుష్పవతి యగునాటికి మూడు నాలుగు లక్షలు మిగులును. జీవితకాలమున పక్వమై వెలువడునవి నాలుగువందలు మాత్రమే. తక్కినవి తమంతట తామే రాలిపోవును. క్రొత్తవి పుట్టవు. కొట్టులోని ధాన్యమువలె తరుగుటయే గాని పెరుగుట లేదు. క్యాన్సరు మందు ఆ కొట్టుకు నిప్పు వంటిది. నిలువ అధికముగానున్న చిన్నపిల్ల కొంత మిగిల్చుకొనగలదు, ముప్పదియేండ్లు దాటిన స్త్రీకి ఒక్కసారిగా ముట్టుడిగిపోవచ్చును.

కిరణములనుండి కాపాడుటకు శస్త్రవైద్యులు ముందే ఒక ఉపాయము నెరుగుదురు. అండాశయమును కిరణముల దారినుండి ప్రక్కకు జరిపి కుట్టెదరు. మందు రక్తముతో దేహమంతయు తిరుగును గనుక దానికి ఈ ఉపాయము పనికిరాదు. అండములను తీసి గడ్డకట్టించి దాచుట రెండవ ఉపాయము. వివాహితయైనచో పిండములను దాచవచ్చును. వీనికి సూదిమందులిచ్చి అండములను పక్వము చేయవలెను. దానికి రమారమి రెండు వారములు పట్టును. అంతకాలము ఆగలేని క్యాన్సర్లు కలవు. పుష్పవతి కాని బాలికకు ఈ ఉపాయము అసలే లేదు. అండాశయపు ముక్కను దాచుట వారికొరకు. కొద్ది దినములలో ముగియును, వయసుతో నిమిత్తము లేదు.

గడ్డకట్టించి బ్రదికించు విద్య పొరపాటున దొరికినది. లండను సమీపమున మిల్ హిల్ అను చోట పార్క్స్, ఆడ్రీ స్మిత్, పోల్జ్ అనువారు కోడిపుంజు శుక్రకణములను గడ్డకట్టించి బ్రదికింప ప్రయత్నించుచుండిరి. ఒక చక్కెర ద్రావణముతో చేసిన ప్రయోగములు విఫలమైనవి. కొన్ని మాసములకు శీతలగదిలో నిలువయున్న సీసాలతో మరల చేయగా కణములు బ్రదికినవి. పరీక్షింపగా సీసాలో చక్కెర లేదు. చీటీ తారుమారై గ్లిసరిను కలిసిన వేరు ద్రావణమున్నది. నీరు గడ్డకట్టునప్పుడు మంచు సూదులు కణమును చీల్చును, గ్లిసరిను ఆ సూదుల ధాటిని తగ్గించును. 1949లో దీనిని ప్రకటించిరి. తరువాతి కొలది యేండ్లలోనే స్మిత్, పార్క్స్ ఎలుకల అండాశయములను గడ్డకట్టించి మరల నాటి చూచిరి. 1960లో అదే పరిశోధనాలయమున డెల్ఫీన్ పారట్ అట్లు నాటిన చుంచెలుకలు పిల్లలను పెట్టినవని నిరూపించెను. ఈ విద్య నిన్న మొన్నటి వింత యనుకొనువారు ఈ తేదీని గమనింపవలెను. అడయారున పిల్లల వార్డు తెరచిన సంవత్సరమును అదే. ఒకచోట బాలికలను బ్రదికించు యత్నము, మరియొకచోట బీజమును నిలుపు యత్నము ఒకే యేట నడచుచుండినను, ఒకదానికొకటి తెలియదు.

తరువాత ముప్పదియేండ్లకు పైగా ఈ మార్గమున పెద్దగా అడుగు పడలేదు. ఎలుక అండాశయము చిన్నది, మెత్తనిది. మనుష్యులది దట్టమైనది, గట్టిది. 1994లో గాస్డెన్ అను శాస్త్రజ్ఞుడు గొఱ్ఱె అండాశయపు పైపొరను ముక్కలుగా కోసి, డైమిథైల్ సల్ఫాక్సైడు రక్షణలో గడ్డకట్టించి, మరల నాటి గొఱ్ఱెపిల్లను పుట్టించెను. గొఱ్ఱె అండాశయము మానవ అండాశయమును పోలియుండుటచే వైద్యులకు ధైర్యము వచ్చెను. 1997లో బెల్జియములో హాడ్జ్‌కిన్ లింఫోమా సోకిన యువతి అండాశయపు ముక్కలను డాక్టరు డొనే చికిత్సకు ముందు తీసి దాచెను. 2003లో వానిని నాటెను. 2004 సెప్టెంబరులో బ్రస్సెల్సున ఆమెకు ఆడుశిశువు కలిగెను. ఆ అండము నాటిన ముక్కనుండి కాక దేహమున మిగిలిన అండాశయమునుండియే వచ్చియుండవచ్చునని సంశయించినవారు లేకపోలేదు. 2005లో ఇజ్రాయెలునుండి మరియొక జననము ప్రకటింపబడెను. 2020 ప్రాంతమునకు అట్లు పుట్టిన శిశువులు రెండువందలకు మించిరి. 2019లో అమెరికా సంతానవైద్య సంఘము ఈ పద్ధతిని ప్రయోగదశలోనిదిగా భావింపనక్కరలేదని ప్రకటించెను.

గడ్డకట్టించు విద్యకు మన దేశమునను ఒక పూర్వచరిత్ర కలదు. అది విషాదగాథ. కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ పిండమును డైమిథైల్ సల్ఫాక్సైడుతో గడ్డకట్టించి, 53 దినములు నిలువ చేసి, తల్లి గర్భమున నిలిపెను. 1978 అక్టోబరు 3న శిశువు జన్మించెను. ఇతర దేశములలో గడ్డకట్టించిన పిండమునుండి శిశువు పుట్టుటకు మరి ఆరేండ్లు పట్టినది. ప్రభుత్వము నియమించిన సంఘము ఆయన మాటను నమ్మలేదు. ఆయన 1981లో ఆత్మహత్య చేసికొనెను. డాక్టరు టి. సి. ఆనందకుమార్ ఆయన వ్రాతలను పరిశీలించి, ఆ గౌరవము ఆయనదేయని 1997లో చాటెను. చెన్నపురిలో 1990లో డాక్టరు కమలా సెల్వరాజ్ దక్షిణభారతమున తొలి పరీక్షనాళిక శిశువును పుట్టించిరి. అప్పటినుండి నగరమున సంతానవైద్యశాలలు విస్తరించినవి. క్యాన్సరు ఆసుపత్రులును విస్తరించినవి. ఈ రెండు శాఖలవారు ఒకే రోగిని గూర్చి మాటాడుకొనుటయే ఆలస్యముగా మొదలైనది.

పద్ధతి వినుటకు సులభము. కడుపుపై చిన్న రంధ్రములు చేసి, దూరదర్శిని గొట్టము సాయమున ఒక అండాశయమునుగాని అందు కొంత భాగమునుగాని తీసెదరు. పుటికలు పైపొరయందే యుండును గనుక లోపలి భాగమును గీకివేసి, ఒక మిల్లిమీటరు మందము గల బిళ్లలుగా కోసెదరు. రక్షకద్రవ్యమున నానబెట్టి, నెమ్మదిగా చల్లార్చి, సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నుంచెదరు. అచట కాలము నిలిచిపోవును. పదియేండ్లున్నను అండము వయసు పెరుగదు. నాటిన తరువాత నాలుగైదు మాసములకు ముట్లు మరల వచ్చును. అయితే క్రొత్త రక్తనాళములు చేరులోపల చాల పుటికలు నశించును. నాటిన ముక్క కొన్ని యేండ్లు మాత్రమే పనిచేయును. నాటిన వారందరును తల్లులగుట లేదు, సగముకంటె తక్కువమందియే. ఈ సంగతి దాచి ఆశ పెట్టుట వైద్యధర్మము కాదు.

మరియొక చిక్కు మన పిల్లలకు దగ్గరిది. పిల్లలకు వచ్చు క్యాన్సర్లలో ప్రథమస్థానము రక్తక్యాన్సరుది. ఆ రోగకణములు రక్తముతో అండాశయమునకును చేరును. 2010లో బెల్జియము శాస్త్రజ్ఞులు రక్తక్యాన్సరు రోగుల అండాశయపు ముక్కలలో ఆ కణములను కనుగొనిరి. అట్టి ముక్కను నాటిన, పోయిన రోగమును చేజేతుల తిరిగి తెచ్చినట్లగును. అందుచే ఆ రోగులకు నాటుటలో మిక్కిలి జాగ్రత్త వలయును. రోగము అణగిన పిమ్మట ముక్కను తీయుట, దానిని సూక్ష్మపరీక్షలకు లోబరచుట ఇప్పటి మార్గములు. అడయారు వార్డు అత్యధికముగా ఏ బాలికలను బ్రదికించినదో వారికే ఈ విద్య అతి సంకోచముతో అందుచున్నది. లింఫోమా, ఎముక క్యాన్సరు మొదలగువానికి, ఎముకమజ్జ మార్పిడికి ముందు బలమైన మందులు పొందు తలసీమియా బాలికలకు ఆ సంకోచము తక్కువ.

క్యాన్సరు వైద్యులు చికిత్సకు ముందే సంతానశక్తిని గూర్చి రోగితో మాటాడవలెనని అమెరికా క్యాన్సరు వైద్యుల సంఘము 2006లో సూత్రము చేసెను. మన ఆసుపత్రులలో ఆ మాటకు వ్యవధి యెంత? రోగము తెలిసిన దినమునకును మొదటి మందు ఎక్కించు దినమునకును నడుమ నున్నది ఒక వారమో, ఇంకను తక్కువో. ఆ వారమున తండ్రి డబ్బుకై తిరుగుచుండును, తల్లి ఏడ్చుచుండును. పరాయి భాషలో చెప్పిన సగము మాటలు వారికి అందవు. “ముందు బిడ్డ బ్రదుకనీయండి” అందురు. అనుట సహజము. ఆ మాట వినిన పిమ్మట వైద్యుడు తిరిగి ఆ ప్రస్తావన తెచ్చునా తేడా అనుదానిపై ఆ బిడ్డకు ఇరువదియేండ్ల తరువాతి సంగతి ఆధారపడియుండును. ఖర్చు విషయమును గలదు. చికిత్సకే చందాలు వేసికొను కుటుంబము ఏటేట నిలువరుసుము కట్టవలెనన్న కష్టము. నత్రజని ఆవిరియగుచుండును, ఎప్పటికప్పుడు నింపుచుండవలెను. ఇది ఉదారులైన దాతల దృష్టికి రావలసిన విషయము. పడకకు చందా ఇచ్చువారు కలరు గాని, నత్రజని డబ్బాకు ఇచ్చువారు కానరారు.

ఇంక చట్టము. సంతానసాఫల్య సాంకేతిక పద్ధతులను క్రమబద్ధము చేయుచు పార్లమెంటు 2021లో చేసిన చట్టము 2022 జనవరినుండి అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము దాత బీజమునుగాని పిండమునుగాని పదియేండ్లకు మించి నిలువ చేయరాదు. బీజమనగా శుక్రము, అండము అని దాని నిర్వచనము. అండాశయపు బిళ్ల దాత బీజము కాదు, పిండమును కాదు. ఆ మెలకువ నెరిగి వ్రాసిన వాక్యమో, ఎరుగక వ్రాసినదో చెప్పజాలము గాని, చిన్న బాలికల విషయమున కాలపరిమితి ఎంత ముఖ్యమో ఒక దృష్టాంతము చూపును. తలసీమియా సోకిన ఒక తొమ్మిదేండ్ల బాలికకు 2001లో ఇంగ్లండులోని లీడ్సు నగరమున, మజ్జ మార్పిడికి ముందు ఒక అండాశయమును తీసి గడ్డకట్టించిరి. ఆమె దుబాయి వాసి. పుష్పవతి కాకమునుపే తీసిన అండాశయమది. పెరిగి పెండ్లియైన పిదప 2015లో డెన్మార్కు వైద్యులు ఆ ముక్కలను ఆమెకు నాటిరి. 2016 డిసెంబరులో లండనులో ఆమెకు మగశిశువు జన్మించెను. ఆ ముక్కలు ద్రవ నత్రజనిలో గడపినది దాదాపు పదునాలుగేండ్లు.